ఒగ్గీ అన్న మాట

మా అక్క పోలమ్మకి, నీ తమ్ముడు సింహాద్రి రాస్తున్నది.

ఉత్తరం మొదట్లో అందరం క్షేమం అని రాయాలి. ఇక్కడ బావా నేనూ ప్రాణాలతో ఉన్నాం, అంతవరకే రాయగలను. అక్కడ అమ్మ, నువ్వు, పిల్లలు బాగున్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? వేట ఎలా ఉంది, ఈ ఏడు కూడా వలలు ఖాళీగానే వస్తున్నాయా? మాకేమీ పంపొద్దు. పంపినా తినేవాడు లేడు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోనెత్తితే నువ్వు స్పీకరు పెట్టేస్తావు, అమ్మ పక్కనే కూర్చుని వింటుంది. ఇవి అమ్మ వినే మాటలు కావు. పక్క గదిలో నెల్లిమర్ల ఆయన సెలవు మీద వస్తున్నాడు, ఆయన చేతికిస్తున్నాను. పైకి చదవకు. రాత కోడి గీకినట్టుందని తిట్టుకోకు, ఎడమ చేత్తో రాస్తున్నాను. ఎందుకో చెబుతాను, కంగారు పడకు.

మా పని నీకు తెలుసు కదా, రోడ్డు పొడవునా ఇనుప కంచె వేయడం. ఈ ఎడారి దేశంలో ఒంటెలు ఉన్నట్టుండి రోడ్డెక్కేస్తాయి, కార్లలో వాళ్లూ చస్తారు, ఒంటెలూ చస్తాయి. ఎడారి అంటే మన ఒడ్డున ఇసుకలా ఉంటుందనుకున్నాం. పైన జానెడే ఇసుక, కింద అంతా రాయి. ఆ రాతిలోకి ఇనుప స్తంభం దిగాలి. అందుకు బరువైన ఇనుప గొట్టం ఒకటి ఉంటుంది, ఒక చివర మూసేసి, రెండు పక్కలా పిడులు. దాన్ని స్తంభం నెత్తిన తొడిగి, పిడులు పట్టుకుని ఎత్తి వదలాలి. ఆ దెబ్బకి స్తంభం కొద్దికొద్దిగా దిగుతుంది. మేం దాన్ని టోపీ అంటాం. దాన్ని కనిపెట్టినవాడి నెత్తిన పెట్టాలి ఆ టోపీ.

చేతులకి తోలు తొడుగులు, కళ్లకి అద్దాలు, చెవుల్లో బిరడాలు, అన్నీ ఇస్తారు, లేదనను. కానీ ఎండలో ఆ ఇనుము పొయ్యి మీది మూకుడులా ఉంటుంది. చెమటకి అద్దాలు మసకబారితే తీసి జేబులో పెట్టుకుంటాం. తొడుగుల్లో చేతులు ఉడికిపోతుంటే అవీ తీసేస్తాం. సూపర్‌వైజరు రోజూ పొద్దున్నే రెండు మాటలు చెబుతాడు. టోపీని స్తంభం కొస దాటి పైకి ఎత్తకూడదు. స్తంభాన్ని చేత్తో పట్టుకోకూడదు, పొడుగు పట్టకారుతోనే పట్టుకోవాలి. ఇది జరిగిన రోజు పట్టకారు వేరే బండిలో ఉండిపోయింది. ఎవడు పోయి తెస్తాడులే అనుకున్నాం.

బావ బల్లమీద నిలబడి టోపీ ఎత్తుతున్నాడు. నేను కింద స్తంభం పట్టుకున్నాను. మిగతావాళ్లు హిందీలో కేకలేసుకుంటారు గానీ మా ఇద్దరిదీ మన వల దగ్గరి పద్ధతే. నేను "ఎత్తు" అంటే ఎత్తుతాడు, "ఒగ్గీ" అంటే వదులుతాడు. కళింగపట్నంలో తాడు వదలాలన్నా ఆ మాటే కదా మనకి. ఎత్తు, ఒగ్గీ, ఎత్తు, ఒగ్గీ. అలా అనుకుంటూ చేస్తే ఒంటికి అలుపు తెలిసేది కాదు.

ఇంతలో స్తంభం రాయికి తగిలి పక్కకి ఒరిగింది. బావ కాస్త ఎక్కువ ఎత్తేశాడు. గొట్టం కొస దాటి పైకొచ్చేసి, దాని అంచు స్తంభం కొన మీద ఆనుకుంది. బరువంతా బావ చేతుల మీదే ఉంది. సర్దుదామని చెయ్యి పైకెత్తి స్తంభం కొన దగ్గర పెట్టి, "ఒగ్గీ బావా, ఒగ్గీ!" అన్నాను.

చాలు, ఆపు, నేను చూసుకుంటాను అని నా ఉద్దేశం. చిన్నప్పుడు మనిద్దరం జుట్లు పట్టుకుంటే అమ్మ "ఒగ్గీండర్రా" అనేది చూడు, ఆ ఒగ్గీ. బావకి వల దగ్గరి ఒగ్గీ వినిపించింది. వదిలేశాడు.

నా కుడిచేతి మధ్య వేళ్లు మూడూ పోయాయక్కా. బొటనవేలు, చిటికెనవేలు ఉన్నాయి. ఆస్పత్రిలో బాగానే చూశారు. పుండు మానింది, నొప్పి తగ్గింది. నిజంగానే తగ్గింది. ఇక తెడ్డు పట్టడం, వల అల్లడం నా వల్ల కాదు. దానికి ఏడవాల్సిందంతా నేనిక్కడే ఏడ్చేశాను, నువ్వు మళ్లీ మొదలెట్టకు. అమ్మకి వేలు నలిగిందని మాత్రం చెప్పు. ఇప్పుడు నన్ను సామాను బండి దగ్గర పెట్టారు. పట్టకారు బండెక్కిందా, తొడుగులు వేసుకున్నారా అని చూసి పంపుతాను. ఎక్కడిదాకా ఎత్తాలో తెలిసేలా ప్రతి టోపీకీ ఎర్ర రంగుతో గీత గీశాను.

నా చెయ్యి గురించి రాయడానికి కాదు ఈ ఉత్తరం. బావ గురించి, నీ మొగుడి గురించి.

నాకు అన్నం కలిపి ముద్దలు పెడతాడు. తను తినడు. కంచం ముందు కూర్చుని లేచిపోతాడు. "నువ్వే కదరా ఒగ్గీమన్నావు, అందుకే ఒగ్గీసినాను" అంటాడు. అన్నమాటే అంటాడు. నీ తప్పు కాదు బావా అంటే నా వంక చూడనైనా చూడడు.

పోయిన శుక్రవారం ఆయన ఫోనెత్తలేదని నాకు చేశావు. "ఏటి మీ బావకి? ఫోనెత్తడానికి సేతులు పడిపోనాయేటి?" అన్నావు. ఊరికే అన్నావులే, మనింట్లో అందరం అనుకునే మాటే. కానీ బావ నా పక్కనే ఉన్నాడు. విన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా, మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచి వెళ్లిపోయాడు. చుక్క నీళ్లు కూడా పట్టుకెళ్లలేదు. బండి వేసుకుని వెతికాం. మేం పాతిన స్తంభాలు ఎక్కడ ఆగిపోయాయో అక్కడ కూర్చుని ఉన్నాడు, పెదాలు పగిలి నెత్తురు కారుతోంది. ఇంకాసేపైతే మనిషి దక్కేవాడు కాదక్కా.

"అది మళ్లీ ఫోన్ సేస్తాది. నీ తమ్ముడి సెయ్యి నేనే తీసీసినానని ఎలా సెప్పాలిరా దానికి?" అన్నాడు.

పోనీలే, వదిలేయమని చెప్పబోయి, "ఒగ్గీ బావా" అన్నాను. పాడు నోరు. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. అప్పటినుంచి ఆ మాట నా నోట రానివ్వడం లేదు.

అందుకే నిన్ను అడుగుతున్నాను. ఇది అందాక వచ్చే శుక్రవారం నాకు ఫోన్ చెయ్యి. ఆయన ఎత్తడు, నేనే ఆయన చెవి దగ్గర పెడతాను. స్పీకరు వద్దు. నీకన్నీ తెలుసని చెప్పు. తిట్టాలనిపిస్తే తిట్టు, తిండి మానేసినందుకు గట్టిగా తిట్టు. ఆఖర్న మాత్రం ఆ మాట నువ్వు అను. ఒగ్గీ అను, ఇంటికొచ్చీ అను. నేనంటే నా చెయ్యే పోయింది. నువ్వంటే వింటాడు.

అమ్మ కాళ్లకి నా దండాలు. పిల్లల్ని అడిగానని చెప్పు. అరసవల్లి వెళితే మా ఇద్దరి పేరా మొక్కు. ఇక్కడి ఎండ చూశాక ఆ సూర్యదేవుడి మీద నాకు కోపంగానే ఉంది, అయినా మొక్కు.

ఇంతలో బావ వచ్చి, "ఏటి రాస్తన్నావు?" అన్నాడు. ఎండు నెత్తళ్ల చేపలు పంపమని అక్కకి రాస్తున్నానని అబద్ధం చెప్పాను. గుమ్మంలోనే నిలబడి, "ఉప్పు తగ్గించి ఎండబెట్టమను. పోయినసారి కటిక ఉప్పు" అన్నాడు.

పైన ఏమీ పంపొద్దని రాశాను, అది కొట్టేసుకో. నెత్తళ్లు పంపు అక్కా. ఉప్పు తగ్గించు.

ఎడమ చేత్తో,
నీ తమ్ముడు
సింహాద్రి