కుళాయి నీళ్లలో చేపలు

12 డిసెంబరు 1981, శనివారం

కామెర్లతో మంచం పట్టిన మా అమ్మాయి బేబీ కోసం బిష్టుపూర్ బజారు నుంచి నాలుగు రంగు చేపలు తెచ్చేను. చలికి చస్తాయని సంచీని స్వెట్టర్‌లో దాచి సైకిల్ తొక్కేను. తీరా ఇంటికొచ్చి, మంచులాంటి కుళాయి నీళ్లున్న తొట్టెలోకి ఒక్కసారే కుమ్మరించేసేను. రెండు పోయాయి. రెండు అడుగున ఒరిగిపోయాయి.

కాలిన ఉక్కుని ఒక్కసారే నీళ్లలో ముంచితే పగిలిపోద్దని కార్ఖానాలో కొత్తోళ్లకి రోజూ చెప్పేది నేనే. నా బుద్ధి ఏటైపోయింది?

"పాపా, సో రహీ హైఁ క్యా?" అంది బేబీ. నిద్దరోతన్నాయన్నాను. "మైఁ భీ సో జాతీ హూఁ" అని, తనూ పడుకుంటానంటూ కళ్లు మూసుకుంది.

కుంపటి మీద నీళ్లు గోరువెచ్చగా కాచి, గరిటెడు గరిటెడు పోత్తన్నాను. ఇప్పుడే ఒకటి మొప్ప కదిపింది. నేను పోసిన నీళ్లకే కదిలిందేమో.