పదకొండు నిమిషాల టేపు

జూన్ 3

ముప్పయ్యో తేదీన రిటైర్మెంటు. వీడ్కోలు సభలో వేయడానికి పాత క్లిప్పులు పది ఏరివ్వమన్నారు. పొద్దుట్నుంచి మా చానల్ టేపుల లైబ్రరీలో నన్ను నేనే చూసుకుంటున్నాను. వరదలో నేను, సమ్మెలో నేను, ఎన్నికల్లో జుట్టుకి రంగేసుకున్న నేను. నా మీద నాకే విసుగొచ్చింది. పదహారేళ్లు ఇవన్నీ తీసిన కెమెరామన్ మాత్రం ఒక్క ఫ్రేములోనూ లేడు. సన్నగా పొడుగ్గా ఉంటాడని ఆఫీసంతా ట్రైపాడ్ అనేది.

జూన్ 4

ఆయన్ని చూడాలని ఉంది.

జూన్ 9

వంతెన కూలిన రోజు టేపు దొరికింది. మంత్రి తప్పు ఒప్పుకున్నది మా ఒక్కరి దగ్గరే. ట్రైపాడ్ కెమెరా ఆన్ చేశాననుకుని ఆపేశాడు, ఆపాననుకుని ఆన్ చేశాడు. మంత్రి మాట ఒక్కటీ లేదు, మేం కారు దాకా నడిచిన పదకొండు నిమిషాలే ఉన్నాయి. న్యూస్‌రూమ్‌లో అందరి ముందూ కడిగేశాను, ఈయనతో ఇక పనిచేయనన్నాను. మర్నాడే బదిలీ అడిగి వేరే ఊరు వెళ్లిపోయాడు. నేను స్టూడియో కుర్చీ ఎక్కాను. తొమ్మిదేళ్లయింది. ఈ టేపు ఎప్పుడూ చూడలేదు.

ఈరోజు చూశాను. నేల, నా చెప్పులు, ఆయన బూట్లు. తర్వాత దూరంగా నా గొంతు, ఫోన్లో న్యూస్ డెస్కువాళ్లతో గొప్పలు పోతోంది. ఆయన డ్రైవరుతో అంటున్నాడు: మేడం ఒకటో తారీఖు నుంచి యాంకరింగుకి వెళ్తున్నారట, ఇంటర్వ్యూకి రెండు నిమిషాల ముందు చెప్పారు, అప్పట్నుంచి చేతులు నా మాట వినడం లేదు అని. ఆ ముక్కేదో ఆవిడకే చెప్పమన్నాడు డ్రైవరు. పైకెళ్లేవాళ్ల కాళ్లకి అడ్డం పడకూడదన్నాడు ఈయన.

మూడుసార్లు వెనక్కి తిప్పాను. ఆయనంటే నాకిష్టం. అప్పుడూ ఇష్టమే.

జూన్ 10, ఉ. 6

అక్కకి చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నావంది. కాఫీ తాగాక, ఆ ఆకులైనా త్వరగా పట్టుకోమంది.

జూన్ 17

ఫోన్ చేశాను. లైవ్‌లో ఏనాడూ తడబడనిదాన్ని, సారీ చెప్పడానికి నాలుగుసార్లు మొదలుపెట్టాను. ఆయన వాళ్ల ఊళ్లో ఎండల గురించి చెప్పాడు. ఒక్కడే ఉంటున్నాడట. రమ్మనలేదు. రావద్దనీ అనలేదు. టేపు సంగతి నేనెత్తలేదు.

జూన్ 30, మ. 12

ఎడిటర్ ఫోన్ చేశాడు, సభకి అందరూ వచ్చేశారు, మీరెక్కడున్నారని. ఇరవయ్యేళ్లు ఎక్కడ నిలబడ్డానో లోకానికి చెప్పి బతికినదాన్ని. చెప్పలేదు.

తలుపు తీసింది ఆయనే. కళ్లజోడు తెచ్చుకుంటానని లోపలికెళ్లాడు. గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను. నన్ను సరిగ్గా చూడాలట.