తొమ్మిదో రేకు

నరసాపురం,
14 ఆగస్టు 2003.

సువార్తమ్మ వదినకు,

దీనమ్మ వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. పాలకొల్లులో నువ్వు, మీ అమ్మాయి, పిల్లలు క్షేమమని తలుస్తాను.

మూడు రోజులుగా ముసురు. లేసు దారం చెమ్మగిల్లి సూదికి పట్టేస్తోంది. ఇవాళ రెండు పువ్వులే అల్లాను.

నా మీద నీకు కోపమని తెలుసు. వేసవి నుంచి పక్కనే కూర్చుని నువ్వేం చెప్పినా ఊ కొట్టలేదు. పోయిన నెల ఏజెంటు చినబాబు గారు మనిద్దరం కలిసి అల్లిన టేబుల్ క్లాత్‌లో ఒక పువ్వుకి ఎనిమిది బదులు తొమ్మిది రేకులున్నాయని, కంటి ఆపరేషనైన మనిషికి ఇక పనివ్వనని నీ దారం తీసేసుకున్నప్పుడు కూడా నోరు విప్పలేదు. అప్పుడూ అల్లుతూనే ఉన్నాను. పొగరు కాదు వదినా. ముప్ఫై ఏళ్ళు కబుర్లాడుకుంటూనే అల్లాం. ఇప్పుడు మాట్లాడితే లెక్క తప్పుతోంది. మా కోడలు వినీల, అత్తయ్య గారండీ, సువార్తమ్మ గారు వెళ్తూ మీ నోరు కూడా సంచిలో పెట్టుకెళ్ళారా అంది. వరస మధ్యలో ఉన్నాను, దానికీ జవాబు చెప్పలేదు.

ఆదివారం చర్చి దగ్గర వైద్య శిబిరం పెట్టారు. డాక్టరమ్మ వరండాలో నడవమంది. నడిచాను. కూర్చోబెట్టి వందలోంచి మూడేసి తీసెయ్యమంది. తీశాను. రెండూ కలిపి చెయ్యమంది. తొంభై ఒకటి దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. వయసులో ఉన్నప్పుడు మెదడు కొంచెం కదిలితే అయిపోయే పనికి ఇప్పుడు చాలా భాగం పనిచెయ్యాలట, రెండో పనికి చోటు మిగలదట. అందరికీ అంతో ఇంతో ఉండేదేనట. జబ్బో కాదో ఆరు నెలలు పోయాక చూసి చెబుతానంది.

మా అమ్మ చివర్లో నన్ను, ఎవరమ్మా నువ్వు, ఎవరింటికొచ్చావు అని అడిగేది. ఆదివారం నుంచి పొద్దున్న లేవగానే అందరి పేర్లూ వరసగా అనుకుంటున్నాను. నీ పేరు కూడా.

నీ పక్కన కూర్చునే
దీనమ్మ

తా.క. శనివారం. ఉత్తరం రెండు రోజులు పెట్టెలోనే ఉంచాను. నీ దారం తీసేసుకున్న రోజు నేను అల్లుతున్నానని పైన రాశాను. నా చేతిలో సూది లేదు. తొమ్మిది రేకుల పువ్వు నాది. చినబాబు గారు ఎత్తి చూపినప్పుడే ముడిని బట్టి గుర్తుపట్టాను. తప్పు నీ కళ్ళ మీదకు పోయిందని ఊరుకున్నాను. ఈ ఉదయం ఆయనకు చెప్పేశాను. నెల్లాళ్ళు ఎలా ఊరుకున్నావమ్మా అన్నారు. నీ పని నీకిస్తారట, రమ్మన్నారు. నా దారం ఉండలు తీసుకుని పదకొండు గంటలకు వెళ్ళిపోయారు.