రెండు గంటల వేడి

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నవ్వుకోవడానికి. కాపురం పెట్టి పట్టుమని ఏడాది కాలేదు, అప్పుడే మీ ఆవిడ మాటకి మాట చెబుతోందని గోల పెడుతున్నావు. నువ్వు అరిస్తే ఆ అమ్మాయి ఇంకా గట్టిగా అరుస్తోందట. అరవడం చేతకానివాళ్ళ పనిరా. నేను మీ వదిన మీద ఇన్నేళ్ళలో గొంతు పెంచింది లేదు, చెయ్యెత్తింది అసలే లేదు. ఇరుగుపొరుగు నన్ను దేవుడంటారు. తెల్లారకముందే లేచి పెళ్ళానికి కాఫీ పెట్టిచ్చే మగాడు ఈ వీధిలో నేనొక్కణ్ణే మరి.

కిటుకంతా అక్కడే ఉంది. మీ వదిన నడిపేది మొదటి బస్సు, చీకటితోనే డిపోలో ఉండాలి. ఫోటోలకి అద్దాలు బిగించే నా కొట్టు తెరిచేది పదింటికి. అయినా నేనే ముందు లేస్తాను. డికాషన్ దించి, పాలు కాచి, కప్పు తన చేతికిస్తాను. ముందురోజు ఒద్దికగా ఉందనుకో, చిక్కటి కాఫీ, రెండు చెంచాల చక్కెర. అమ్మ గురించి ఏదైనా అందనుకో, పలచన చేస్తాను. నలుగురిలో నా మాట తీసేసిందనుకో, చక్కెర వెయ్యను. మరీ పెద్ద తప్పయితే ఆ పొద్దున నాకసలు మెలకువే రాదు.

"ఏంటండీ, ఇవాళ కాఫీ ఇలా ఉంది?" అంటుంది.

"పాలు నీళ్ళగా ఉన్నాయి" అంటాను. ఒకసారి పాలు, ఒకసారి పొడి. తను చేసిన తప్పేమిటో ఎప్పుడూ చెప్పను. చెబితే వాదిస్తుంది. చెప్పకపోతే రోజంతా స్టీరింగు పట్టుకుని తనే వెతుక్కుంటుంది, సాయంత్రానికి మెత్తబడి ఇల్లు చేరుతుంది. ఇలాగే దారిలో పెట్టుకున్నాను. నువ్వూ రేపటి నుంచి మొదలుపెట్టు. మీ ఆవిడకి కాఫీ పెట్టివ్వడం నామోషీ అనుకోకు.

ఇంత చెప్పిన నాకే ఇప్పుడో చిక్కు వచ్చిపడింది. నిన్న మీ వదిన అట్టపెట్టె ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది. కాఫీ మిషనట. చేత్తో తడితే డొల్లగా మోగే ప్లాస్టిక్కు, ఉల్లిపొరలాంటి గాజు కూజా, పచ్చగా వెలిగే అంకెలు. రాత్రి నీళ్ళూ పొడీ వేసి వేళ చెప్పి పడుకుంటే తెల్లారుజామున అదే డికాషన్ దించుతుందట. కూజా కింద ఒక ప్లేటు రెండు గంటలసేపు వేడిగా ఉంచి దానంతటదే ఆగిపోతుందట. అంగట్లో ఇంతకన్నా చవకది ఉండదు.

"పాపం, నాకోసం మీరు రోజూ నిద్ర చెడగొట్టుకుంటున్నారు. ఇకనుంచి హాయిగా పడుకోండి" అంది.

నన్ను పాపం అంది రా! ఎంత ప్రేమగా అందో, నాకంత ఒళ్ళు మండింది. నెల తిరక్కుండా ఆ డబ్బా మూలపడకపోతే చూడు.

నీ మేలు కోరే
అన్నయ్య


తమ్ముడూ,

నువ్వు పలచన చేసి చూశానని రాశావు. మీ ఆవిడ రెండు గుక్కలు తాగి, పాలగిన్నె మూత తీసి చూసిందని చదివి ముచ్చటేసింది. తొందరపడకు, నాలుగు రోజులకోసారి చాలు.

ఇక్కడ నా సంగతే బాగాలేదు. మగాడికి సవతేమిటని నవ్వకు, నాకొకటి వచ్చి వంటింటి గట్టు మీద తిష్ట వేసింది. మూలపడలేదు సరికదా, రోజూ నాలుగున్నరకి ఠంచనుగా గురగురమంటుంది. మంచంలో పడుకుని ఆ చప్పుడు వింటుంటే నా ఇంట్లో ఎవడో పరాయివాడు కాపురం చేస్తున్నట్టుంటుంది. దానికి కోపం లేదు, తాపం లేదు. పోయిన వారం నేను వద్దన్నా వినకుండా మీ వదిన వాళ్ళక్క ఇంటికి పోయొచ్చింది. ఇదివరకైతే ఆ తప్పుకి మూడు రోజుల చప్పిడి కాఫీ. మర్నాడు పొద్దున్న అది నిన్నటిలాంటి కాఫీనే దించింది. తను కూనిరాగం తీస్తూ తాగి, పోతూ పోతూ "మీకూ ఉంచానండీ, వేడిగానే ఉంది" అని చెప్పిపోయింది. ఇంత తప్పు చేసిన మనిషి కూనిరాగం తీయడమేమిటి, చెప్పు!

ఇంకో సంగతి గమనించాను. మిషను వచ్చాక మీ వదిన అలారం పెట్టుకోవడం మానేసింది. ఆ గురగురకే లేస్తోంది. సరే అని ఒక మధ్యాహ్నం కొట్టుకి తాళం వేసి ఇంటికొచ్చి, దాని గడియారాన్ని నలభై నిమిషాలు వెనక్కి తిప్పాను. ఒక్క నలభై నిమిషాలే.

ఆ పొద్దున నువ్వు చూసి ఉండాల్సింది. జుట్టు ముడేసుకోకుండా, బూట్లు చేత్తో పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తింది. మొదటి బస్సు కోసం నిలబడ్డ మిల్లు పనివాళ్ళూ ఆసుపత్రి ఆయాలూ డిపో మీద పడి గొడవ చేశారట. పైవాళ్ళు తన బస్సు లాగేసుకున్నారు. ఇప్పుడు యార్డులో బస్సులు కడుగుతోంది. ఇన్నేళ్ళలో ఒక్క గీత పడనివ్వని డ్రైవరని మెడల్ ఇచ్చారే, ఆ మనిషే!

సాయంత్రం తడిసిన చీలమండలతో వచ్చి మిషను ముందు నిలబడింది.

"కరెంటు పోయి వచ్చినట్టుంది. చవక సరుకు కదా" అన్నాను.

దాన్ని చూసింది, నన్ను చూసింది. "అవునండీ" అంది. నేనే వెళ్ళి చిక్కటి కాఫీ కలిపి ఇచ్చాను, రెండు చెంచాల చక్కెర వేసి. తాగింది. గెలిచాననుకున్నానురా. పడుకోబోయే ముందు గడియారం సరిచేసి, మళ్ళీ నీళ్ళు పోసింది.

అన్నయ్య


తమ్ముడూ,

ఈ వంకర అక్షరాలు చూసి కంగారు పడకు, ఎడమచేత్తో రాస్తున్నాను.

ఆ కూజా ఒక్కటి పోతే మిషను పనికిరాదనుకున్నాను. గాజు నా వృత్తి. వేడి గాజు మీద చన్నీళ్ళు పడితే నెర్రె ఇస్తుందని నాకు ఒకరు చెప్పాలా? మీ వదిన పోయాక ప్లేటు మీది కూజా తీసి కుళాయి కింద పట్టాను. కడగబోతే పగిలిందని చెప్పొచ్చు కదా. కానీ చవక గాజు ఆగుతుందా! అడుగు ఊడిపోబోతే అలవాటు కొద్దీ కుడిచేయి కింద పట్టాను. అరచెయ్యి అడ్డంగా తెగింది, దానిమీద వేడి కాఫీ పడింది. కుట్లు వేశారు. వేళ్ళు ముడుచుకోవడం లేదు. అద్దం కోసే కలం పట్టలేను. కొట్టు మూసేశాను.

మీ వదిన అన్నీ చేస్తోంది, కాదనను. కట్టు మారుస్తుంది, చొక్కా తొడుగుతుంది. ఆ రోజు సాయంత్రమే కొత్త కూజా కొనుక్కొచ్చింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ కాఫీ నాలుగున్నరకే దిగుతుంది, ఆరున్నరకి ప్లేటు ఆగిపోతుంది. నొప్పి మాత్రలకి నాకు ఎనిమిదింటిదాకా తెలివి రాదు. లేచి చూస్తే మీగడ తట్టు కట్టి, చల్లగా, చేదుగా, కషాయంలా నా కోసం కూజాలో ఒక కప్పు కాఫీ. పొయ్యి వెలిగిద్దామంటే గ్యాసు నా ఎడమచేతికి తిరగనంత బిగించి కట్టేసి పోతుంది, "ఒంటిచేత్తో నిప్పుతో ఆటలొద్దు, మీ మంచికే" అంటూ. మిషను మీట నేనే నొక్కుదామంటే, ఆ గాజు దగ్గరికి పోయి వెనక్కి వచ్చేస్తున్నాను. నాకు, గాజంటే భయం!

తను తాగాక మళ్ళీ నీళ్ళూ పొడీ వేసి ఎనిమిదింటికి పెట్టిపోతే సరిపోతుంది. అదే అడిగాను. "రెండోసారి ఎలా పెట్టాలో నాకు రాదండీ" అంటుంది. నీ మాటంటే తనకి గౌరవం. ఒక్క ముక్క రాయి. నేను ఏం తప్పు చేశానో అయినా కనుక్కో.

అన్నయ్య


మరిదిగారికి,

మీ ఉత్తరం అందింది. అన్నగారికి వేడి కాఫీ ఇమ్మని ఇంత మర్యాదగా నన్ను అడిగినందుకు సంతోషం. జవాబు కూడా మర్యాదగానే రాస్తాను.

మిషనుతో వచ్చిన పుస్తకం నేను అట్ట నుంచి అట్ట దాకా చదివాను. రెండోసారి ఎలా పెట్టాలో నాకు వచ్చు. ఇంకో సంగతి కూడా అందులో ఉంది. కరెంటు పోతే దాని గడియారం పన్నెండు దగ్గర ఆగి మిణుకు మిణుకుమంటుంది. నలభై నిమిషాలు వెనకబడి నింపాదిగా నడవదు. మీ అన్నగారు పుస్తకంలో గడియారం తిప్పే పేజీ ఒక్కటే చదివినట్టున్నారు. గాజు పని చేసే మనిషి వేడి గాజు మీదికి చన్నీళ్ళు ఎందుకు వదిలారో కూడా నన్ను అడగక్కర్లేదు.

కానీ నా మనసు విరిగింది వాటికి కాదు. మిషను వచ్చిన మొదటి వారంలోనే విరిగింది. అదే పాలు, అదే పొడి, పోట్లాడుకున్న మర్నాడూ అదే రుచి. పాలు నీళ్ళగా ఉన్నాయన్న మాట నేను ఇన్నేళ్ళు నమ్మాను. పాలు పోసే ఆవిడతో ఎన్నిసార్లు గొడవ పడ్డానో! ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని మా ఇంటికి పోయడమే మానేసింది. ఏడో రోజు ఆ కప్పు పట్టుకుని గట్టు దగ్గర నిలబడి ఒక్కొక్క పొద్దూ గుర్తు చేసుకున్నాను. ఏ రోజు పలచన, ముందురోజు నేనేమన్నాను. అన్నీ అతికినట్టు సరిపోయాయి. మెడల్ ఇచ్చిన రోజు పొద్దున ఆయన చిక్కగా, తియ్యగా ఇచ్చారు. నేను డిపోలో బస్సు వెనక నిలబడి ఆనందంతో ఏడ్చాను, మెడల్‌కి కాదు, ఆ చక్కెరకి. ఆ ఏడుపు తలుచుకుంటే ఆయన మీదకన్నా నా మీద నాకే ఎక్కువ అసహ్యం.

అక్క వచ్చెయ్యమంది. సంచి సర్దుకున్నాను కూడా. అంతలో చెయ్యి తెగింది. కట్టుతో కూర్చున్న మనిషిని వదిలేసి పోతే లోకం ఏమంటుందోనని ఆగాననుకుంటున్నారు అందరూ. కాదు. మొదటిరోజు పొరపాటున కాఫీ చల్లారిపోయింది. నేను యార్డు నుంచి వచ్చేసరికి కప్పు ఖాళీగా ఉంది, ఆయన నా మొహంలోకి చూస్తున్నారు. "పాలేమైనా తేడాగా ఉన్నాయా?" అన్నారు. తన తప్పేమిటో నా మొహంలో వెతుకుతున్నారు. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఎన్నో ఏళ్ళు అది నాదే. "ఏమోనండీ, పొడి పాతబడిందేమో" అన్నాను. ఆ రాత్రి నాకు ఎంత హాయిగా నిద్ర పట్టిందో చెప్పలేను. సంచి విప్పేశాను.

అప్పుడప్పుడూ వేడిగా కూడా ఇస్తున్నాను లెండి, ఆయన మీకు రాసి ఉండరు. పది రోజులకోసారి, పడుకోబోయే ముందు ఎనిమిదింటికి మార్చి, నేను కాఫీ తాగకుండా పనికి పోతాను. ఆ సాయంత్రం ఆయన నా చెప్పులు కూడా ఎడమచేత్తో సర్ది పెడతారు, ఏం చేసినందుకు దొరికిందో తెలియక. ఇది పాపమని తెలుసు. మానడం నావల్ల కావడం లేదు. ఇంత రుచిగా ఉంటుందని ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పారా?

వచ్చే నెల కట్టు విప్పుతారు. వేళ్ళు పూర్తిగా స్వాధీనంలోకి రావని డాక్టరు నాతో చెప్పాడు. ఆయనకి నేనింకా చెప్పలేదు.

మీరూ మీ ఆవిడా ఒకసారి వచ్చిపోండి. ఆ అమ్మాయికి నా చేత్తో చిక్కటి కాఫీ ఇవ్వాలని ఉంది. మీకు కూడా వేడివేడిగా పోస్తాను, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి.

మీ వదిన