ఒక్క లఘువు

భూపాలపల్లి,
గురువారం మధ్యాహ్నం.

పూజ్యురాలైన అక్క పాదాలకు తమ్ముడు నమస్కరించి వ్రాస్తున్న సంగతులు.

నేను క్షేమం. నీ మోకాళ్ల వాపు తగ్గినదా? బావగారి దగ్గుకు జనగామ దవాఖానలో ఇచ్చిన మందు పని చేస్తున్నదా? ఎర్రావు ఈనే రోజులు దగ్గరపడి ఉండాలి. దూడ పుట్టగానే కబురు చేయించు. నీ మనుమరాలు, మన వాణి క్షేమంగా ఉన్నది. ఈ వాక్యాన్ని ముందే వ్రాసి పెడుతున్నాను. తరువాతి పుటలు చదివేటప్పుడు నీవు దీనికోసమే వెతుక్కుంటావని నాకు తెలుసు. మోచేతికి, మోకాలికి చర్మం లేచింది, అంతే. అన్నం తింటున్నది, నవ్వుతున్నది.

ఫోనులో చెప్పవచ్చును గదా అని నీ కుమారుడు అంటాడు. ఫోనులో నీకు నా మాట సగమే వినపడుతుంది, మిగిలిన సగం నీవు ఊహించుకుంటావు. ఈ విషయంలో ఊహకు చోటు ఉండరాదు. అందుకే ఉత్తరం. బస్సులు లేవు గనుక మా లెక్కల మాస్టారు తన మోటారు సైకిలు మీద ఈ సాయంత్రం బయలుదేరి, జనగామ వెళ్తూ నర్మెట్టలో ఆగి నీ చేతికి ఇస్తాడు.

ఇక్కడికి వచ్చి నాలుగు నెలలు నిండాయి. పాలకుర్తి బడిలో ముప్పై ఏళ్లు పద్యం చెప్పి ఇంటి పట్టున ఉండవలసినవాడిని, అడవి అంచున ఉన్న ఈ వసతి పాఠశాలలో తెలుగు చెప్పడానికి ఒప్పుకొన్నాను. నా మాట మీదనే మీరు వాణిని కూడా ఇక్కడ తొమ్మిదవ తరగతిలో చేర్చారు. గాలి గనుల వైపునుండి వీచినప్పుడు ఆరవేసిన ధోవతి మీద బొగ్గునుసి వాలుతుంది. అడవి వైపునుండి వీచినప్పుడు తడి ఆకు కుళ్లిన వాసన. ఇప్పుడు వాన వెనుదిరిగే కాలం. ఈ రెండవ గాలే ఎక్కువ. వంటశాలలో రోజూ ఒకటే పప్పు. నీ చేతి పచ్చిపులుసు తలచుకొని నాలుగు ముద్దలు తిని లేస్తాను. మాస్టారు తిరిగి వచ్చేటప్పుడు వీలైతే చింతకాయ తొక్కు, గూట్లో ఉన్న నా పాత కళ్లజోడు పంపు. మాట్లాడడానికి నా ఈడువాడు ఒక్కడూ లేడు. సాయంకాలం భాగవతం తెరిచి నాకు నేనే చదివి వినిపించుకుంటాను.

రాష్ట్రం కోసం సమ్మె మొదలై మూడు వారాలు గడిచాయి. మీ వైపు ఎలా ఉన్నదో గాని, ఇక్కడ గనులు, బడులు, బస్సులు అన్నీ నిలిచిపోయాయి. దారిలో రెండు చోట్ల చెట్లు నరికి అడ్డంగా పడవేశారు. పాఠాలు లేవు. ఊరు చేరలేని ముప్పై మంది పిల్లలు వసతిలోనే ఉండిపోయారు. ఉదయం రోడ్డు మీదికి పోయి బతుకమ్మ ఆడి, నినాదాలిచ్చి వస్తారు. ఆపైన పొద్దంతా ఏమి చేయించాలో తెలియక, మా ప్రధానోపాధ్యాయుడు కోస్తా నుండి రఘు అనే శిక్షకుడిని పిలిపించాడు. వీపున సంచి కట్టుకొని అడవిలో నడవడం, ఆరుబయట వండుకోవడం, తాడు సాయంతో బండలెక్కడం ఆయన నేర్పుతాడు. కష్టపడే మనిషి. పిల్లల నడుము పట్టీలను తానే ఒక్కొక్కటి లాగి చూసుకుంటాడు.

తగాదా రెండవ రోజే వచ్చింది. కింద తాడు పట్టిన పిల్లవాడితో ఆయన "లాగు, లాగు" అని అరిచాడు. మన వైపు లాగు అంటే పిల్లలు తొడుక్కునేది గదా. "సార్, లాగు ఏసుకునే ఉన్న. ఇంకోటి ఏసుకోవాల్నా?" అన్నాడు ఆ పిల్లవాడు. అందరూ పడి పడి నవ్వారు. రఘు మొహం ఎర్రబడి, మీ యాసకు ఒక దండం అని ఏదో అన్నాడు. వేరే రోజుల్లో అయితే అక్కడితో పోయేది. ఇప్పటి రోజులు వేరు. పిల్లలు నడుము పట్టీలు విప్పి కింద పెట్టి కూర్చున్నారు. ఆయన ఇంగ్లీషు మాటలూ వద్దన్నారు, సినిమా తెలుగూ వద్దన్నారు. తాడుకు తమ మాటలే కావాలన్నారు.

ప్రధానోపాధ్యాయుడు నన్ను పిలిచాడు. పండితులు మీరు, మీరు మాటలు కట్టి ఇస్తే ఇద్దరూ వింటారని అన్నాడు. అక్కా, నేను ఎంత పొంగిపోయానో నీకు దాచను. పిల్లలు అప్పటికే మూడు మాటలు చెప్పారు: గుంజు, పట్టు, ఇడువు. గ్రామ్యమని తోసివేశాను. ముప్పై ఏళ్లు వాళ్ల నోళ్లనుండి ఏ మాటలను తుడిచానో అవే మాటలు మళ్లీ పలకనిస్తానా? బండ పైకి చేరి, తనను తాను అక్కడి కొక్కేనికి తగిలించుకున్న తరువాత ఎక్కిన పిల్ల "విడువుము" అనాలని కట్టాను. అప్పుడు కిందివారు తమ నడుముకున్న, తాడు జారకుండా ఆపే ఇనుప బిళ్లనుండి తాడును తీసివేయవచ్చు. నడుమ కాలు జారేటట్లున్నప్పుడు "విడువకుము" అనాలి. అప్పుడు కిందివారు బిగబట్టాలి. ఒకటి నాలుగు లఘువులు, ఒకటి అయిదు. జంటగా వినడానికి ఎంత ఇంపుగా ఉన్నాయో! చిన్నప్పుడు దీపం ముందు కూర్చోబెట్టి నీవు నా చేత చెప్పించిన ప్రార్థన చివరి మాట నీకు గుర్తున్నది గదా. ఆ విడువకుమే నాకు ముందుగా తోచింది.

పది రోజులు వల్లె వేయించాను. నా పద్ధతి నీకు తెలుసు. నిద్రలో తట్టి లేపినా మాట తప్పు పోకూడదు. పాఠశాల వెనుక ఉన్న చిన్న బండ మీద అంతా చక్కగా సాగింది. రఘు కూడా మెచ్చుకున్నాడు.

సోమవారం ఉదయం గద్దగుండు అనే పెద్ద బండకు వెళ్లాము. ఇక్కడికి గంట నడక. రెండు తాటిచెట్ల ఎత్తుంటుంది. నడుమ పొట్టలా ముందుకు పొడుచుకొని వచ్చినందున పైనున్నవారు కిందివారికి కనపడరు. మేకలు కాసే ఒక ముసలాయన మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. "సారు, గీ గుండు కాడ మాట నిలవదు. సగమే ఇనవడ్తది. మేమైతే మేకలను ఈడ పిలువం. కట్టెతోని సప్పుడు జేస్తం" అన్నాడు. నేను నవ్వి, పిల్లలకు ప్రతిధ్వని గురించి చెప్పాను. ఆయన కట్టెతో రెండుసార్లు బండ మీద కొట్టాడు. మేకలను తోలుకొని గాలికి ఎదురుగా వెళ్లిపోయాడు.

వాణి ఎక్కింది. కింద తాడు శాంతి చేతిలో ఉన్నది. మానుకోట దగ్గరి తండా పిల్ల. ఇంట్లో వాళ్ల భాష వేరు, బడికి వచ్చి తెలుగు నేర్చుకున్నది. నెమ్మదైనది, వాణికి ప్రాణస్నేహితురాలు. శాంతి వెనుక, తాడు కొసను నడుముకు చుట్టుకొని రఘు నిలుచున్నాడు. ఆ పక్కనే నేను. వాణి పొట్ట దాటి కనుమరుగైంది. గాలి లేచింది. కొంతసేపటికి పైనుండి మాట వచ్చింది.

అక్కా, నేను ఛందస్సు చెప్పినవాడిని. చెవి దానంతట అదే లెక్కిస్తుంది. నాలుగు లఘువులు విన్నాను.

శాంతి తాడును బిళ్లనుండి తీసింది. మరుక్షణం తాడు దాని చేతుల్లోనుండి జరజరా పాకింది. రఘు వెనక్కు పడి, రెండు చేతులా పట్టి ఆపాడు. ఆయన అరచేతుల తోలు ఊడింది. మన పిల్ల రెండు నిలువుల లోతు జారి, పొట్ట అంచున వేలాడింది. అది పలికినది అయిదు లఘువులు. నడుమ ఒక్కటి గాలి తినివేసింది.

దించిన తరువాత రఘు చేతులకు గుడ్డ చుట్టుకుంటూ, తెలుగు సరిగా అర్థం కాని పిల్ల చేతికి తాడు ఇవ్వడం తన తప్పేనని అన్నాడు. శాంతి ఏడవలేదు. నా వైపు తిరిగి, "సార్, నాకు విడువుము అనే ఇనవడ్డది. నేను తెలుగు తప్పు ఇనలే. మీరు గూడ ఈడనే ఉన్నరు గదా" అన్నది.

నేను తల దించుకొని చెప్పులు సవరించుకున్నాను.

సోమవారం పొద్దంతా, మంగళవారం పొద్దంతా నోరు విప్పలేదు. శాంతిని తాడునుండి తప్పించి వంట సామాను మోయడానికి పెట్టారు. తోటి పిల్లలు కూడా తండా అని, భాష అని గుసగుసలాడారు. భాష పేరు చెప్పి తమను ఎగతాళి చేశారని పది రోజుల కిందట పట్టీలు విప్పిన పిల్లలే. వాళ్లను ఏమనగలను? నేను చేసినది అంతకన్న తక్కువదా? బుధవారం ప్రార్థనలో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. శాంతి విన్నది సరిగానే విన్నదని, నాకు కూడా అదే వినపడిందని, ప్రాణం మీది రెండు మాటలను ఒక్క లఘువు తేడాతో కట్టినవాడిని నేనని, రెండు రోజులు దాచినవాడినీ నేనేనని. రఘు లేచి నిలబడ్డాడు. ఆ తరువాత శాంతి దగ్గరికి పోయి, నన్ను క్షమించమ్మా అన్నాడు.

వాణి మాత్రం నన్నే చూసింది. "తాతా, నీ మాటలు పద్యంలకు మంచిగుంటయి. తాడుకు మా మాటలే సాలు" అన్నది. నా తాడు శాంతే పట్టుకుంటది, ఇంకెవ్వలు పట్టినా ఎక్క అని కూడా అన్నది. పట్టు, ఇడువు, గుంజు అని మూడు మాటలు నల్లబల్ల మీద వ్రాసుకున్నారు. పట్టుకూ ఇడువుకూ చెవిలో పోలిక లేదు. ఏ గాలీ ఒకదానిని మరొకటిగా మార్చలేదు. నాకు గుండె తేలికైంది. ఈ మధ్యాహ్నం వంట వేళ వరకు.

ఏమి జరిగిందో చెబుతాను. వంటశాలలో నా కళ్ల ముందే వాణి, శాంతి కలిసి అన్నం గిన్నెను పొయ్యి మీదనుండి దించుతున్నారు. శాంతి వైపు మసిగుడ్డ జారింది. వాణి అరిచింది. అరచినది నా మాట. అయిదు లఘువులూ, ఒక్కటి పొల్లుపోకుండా, నేను నేర్పిన పలుకుబడితో.

శాంతి గిన్నెను గట్టిగానే పట్టుకొని కింద పెట్టింది. తరువాత మెల్లగా అడిగింది: "ఏమన్నవే ఇప్పుడు?"

"పట్టు అన్న గదా."

"అనలే."

వాణి నవ్వింది. అన్నానన్నది. అక్కా, దానికి నిజంగానే తాను పట్టు అన్నట్లు గుర్తు. భయం కలిగినప్పుడు నోట ఏ మాట వస్తుందో దాని చేతిలో లేదు. పది రోజులు వల్లె వేయించి నేను లోపల పెట్టినదాన్ని ఒక్క రోజులో ఎలా తీయగలను? శాంతి నవ్వలేదు. చేతులు కడుక్కొని, తాడు చుట్ట ముందు కూర్చున్నది.

శనివారం తెల్లవారగానే పిల్లలంతా రఘు వెంట బయలుదేరుతారు. రెండు రోజులు అడవిలో నడచి, గద్దగుండుకు మూడింతలున్న గుట్ట ఎక్కుతారట. అక్కడ ఫోను పలకదు. రఘుకు ఈ సంగతి చెప్పాను. ఆయన దిగులుపడి, తాడును మూడుసార్లు గుంజితే పట్టు అని గుర్తు పెట్టుకొమ్మన్నాడు. జారుతున్న పిల్లకు గుంజడానికి చేయి ఖాళీ ఉంటుందా అని అడిగితే తన చేతుల కట్లను చూసుకున్నాడు. ప్రధానోపాధ్యాయుడు నిర్ణయాన్ని నాకే వదిలాడు. అనుమతి కాగితం మీద నేను సంతకం చేయకపోతే వాణి ఇక్కడే ఉంటుంది. ఆపుదామా అంటే, శాంతి చేతులను మన ఇల్లు నమ్మలేదని ఆ పిల్లకు, అందరికీ అర్థమవుతుంది. నిన్న అందరి ముందు చెప్పినదంతా నోటిమాటగా మిగులుతుంది. పంపుదామా అంటే, గిన్నె దగ్గర విన్న మాట నా చెవిలోనుండి పోవడం లేదు. నేను కూడా సంచి కట్టుకొని వెంట పోతాను, అది నిశ్చయం. కానీ బండ కింద నిలుచుండి నేను వినగలిగింది ఎంతో ఒకసారి చూశాను గదా.

నన్ను పెంచినదానివి. దాని మీద నాకన్న నీకే హక్కు ఎక్కువ. మాస్టారు రేపు సాయంత్రానికి తిరిగి వస్తాడు. నీ కొడుకును, కోడలిని అడుగు, నీవూ ఆలోచించు. నాకు ఒక్క మాట వ్రాసి పంపితే చాలు. పట్టు అని వ్రాస్తే ఆపుతాను. ఇడువు అని వ్రాస్తే సంతకం చేస్తాను.

బావగారికి నా నమస్కారాలు. పిల్లలకు దీవెనలు. వాడకట్టులోని పెద్దలందరినీ అడిగినానని చెప్పు. ప్రతి ఉత్తరం చివర, నీ ఆశీస్సులనుండి నన్ను విడువకుము అని వ్రాసేవాడిని. ఈసారి ఆ మాట వ్రాయడానికి చేయి రావడం లేదు. తల మీద చేయి పెట్టి దీవించు.

నీ తమ్ముడు.

మరచితిని: ఫోను చేయవద్దు. కాగితం మీదనే, అక్షరాలు విడివిడిగా, పెద్దవిగా వ్రాయి.