తిన్నారా అని అడిగే ఓనరమ్మ

కొత్తగూడ, హైదరాబాద్

మెర్సీ గారికి, శిరీష నమస్కారాలు.

ఏ మాటైనా ఫోన్లో కాదు, ఈమెయిల్లోనే రాయాలని మీ కంపెనీవాళ్లు అన్నారు. నాకేమో ఈమెయిల్ మొదలుపెడితే ఉత్తరమైపోతుంది, ఓర్చుకోండి. రస్ అల్ ఖైమాలో సముద్రం కనబడే నా ఫ్లాట్‌ను సెలవులకు వచ్చేవాళ్లకు అద్దెకిచ్చే పని ఇక మీ చేతిలో పెట్టాను. తాళాలు, దుప్పట్లు, శుభ్రం అన్నీ మీరే చూసుకోండి. ఒక్కటి మాత్రం నాకు వదలండి. దిగినవాళ్లను రోజూ పొద్దున 'తిన్నారా?' అని మెసేజ్ పెట్టి నేనే అడుగుతాను. మాది ప్రొద్దుటూరు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన్ను కూడా మా ఇంట్లో "అన్నం తింటివా నాయనా?" అని అడగందే పంపరు. నా ఇంట్లో దిగినవాళ్లను అడగకుండా ఎట్లా ఉంటాను?

ఉంటాను మరి,
శిరీష

తా.క.: ఆ ఇంట్లో నేను ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. "ఏంది మేడమ్, దేశంగాని దేశంల, దుబాయ్ దిక్కు ఇల్లు కొని ఈడ కిరాయికుంటున్నరు?" అన్నాడు మా వాచ్‌మన్ రామన్న. జవాబు ఇంకా ఆలోచిస్తున్నాను.

*

రస్ అల్ ఖైమా

శిరీష గారికి మెర్సీ వందనాలండి.

దేవుని దయవల్ల నేను క్షేమం. ఫ్లాటూ క్షేమం. అతిథులే ఆకలితో ఉన్నారు.

పోలండ్ నుంచి వచ్చిన భార్యాభర్తలు మీ మెసేజ్ చూసి, టిఫిన్ మీరే పంపిస్తున్నారనుకున్నారండి. బల్ల మీద ప్లేట్లు సర్దుకుని ఎండెక్కేదాకా కూర్చుని, చివరికి నాకు ఫోన్ చేశారు. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ఆ మాట అడిగితే, తెచ్చిపెడతారనే వాళ్ల లెక్క. మేముండే క్వార్టర్స్ నుంచి నా ఉప్మా పట్టుకెళ్లి పెట్టాను. దయచేసి అడగడం ఆపండి.

ఇట్లు,
మెర్సీ

తా.క.: మర్నాడు మళ్లీ ప్లేట్లు సర్దారండి. ఈసారి పక్క ఫ్లాట్ వాళ్లను కూడా పిలిచారు.

*

కొత్తగూడ

మెర్సీ గారికి నమస్కారాలు.

మీ ఉప్మా వాళ్ల పాలైనందుకు క్షమించండి. కానీ పూర్తిగా ఆపమనకండి. ఆ పోలండ్ ఆవిడ 'ఇంకా లేదు, నువ్వు తిన్నావా?' అని తిరిగి అడిగింది. ఆఫీసు క్యాబ్‌లో ఇంటికి వచ్చేదాకా ఆ మెసేజే చూస్తూ కూర్చున్నాను. నానక్‌రామ్‌గూడ ఆఫీసులో మా ఫ్లోరంతా జనమే. అందరూ నన్నడిగేది పని ఎంతవరకు వచ్చిందని. ఇంటికొస్తే ఆమాత్రం అడిగేవాళ్లు కూడా లేరు. విడాకులయ్యాక ఇక్కడ ఇల్లు కొనబుద్ధి కాలేదు. ఎవరో ఒకరు నవ్వుకుంటూ వచ్చి దిగే ఇల్లు ఒకటి నాకూ ఉండాలనిపించి అక్కడ కొన్నాను.

ఇకమీదట తిండి మాటెత్తను. వేరే క్షేమసమాచారం అడుగుతాను, సరేనా?

మీ మాట సగం విన్న,
శిరీష

తా.క.: ఉప్మాలో జీడిపప్పు వేశారా? వాళ్లు ఐదు స్టార్లిచ్చి, సముద్రం సంగతి వదిలేసి ఉప్మా గురించే రాశారు.

*

రస్ అల్ ఖైమా

శిరీష గారికి వందనాలండి.

మీ క్షేమసమాచారం కొంప ముంచింది. కొత్తగా దిగిన జంటకు 'గాలి ఎక్కువగా ఉంది, బాల్కనీలో ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకోండి' అని పెట్టారట. వాళ్లు అప్పుడే బట్టలు ఆరేసి లోపలికి వచ్చారు! ఇంట్లో కెమెరా దాచి చూస్తున్నారనుకుని లైట్లు ఊడదీశారు, బీరువా జరిపారు, సెక్యూరిటీని పిలిచారు. ఇక్కడి వాతావరణం ఓనరమ్మ హైదరాబాద్‌లో కూర్చుని రోజూ చూసుకుంటుందని నేనెంత చెప్పినా నమ్మలేదు. ఎవరు చూస్తారండీ అలా?

ఒక్క స్టార్ ఇచ్చి వెళ్లిపోయారు. ఇంకో ఫిర్యాదు వస్తే ఫ్లాట్‌ను వెబ్‌సైట్లోంచి తీసేస్తారట. ఇక ఏ మెసేజూ పెట్టకండి, మీకు పుణ్యముంటుంది.

చేతులు జోడించి,
మెర్సీ

తా.క.: కెమెరా దొరకలేదు గానీ, బీరువా వెనక నా పోయిన చెవిదుద్దు దొరికింది. సంతోషం పట్టలేక వాళ్లకు థాంక్స్ చెప్పాను. దాంతో అనుమానం నా మీదకి తిరిగింది.

*

కొత్తగూడ

మెర్సీ గారికి,

మీరు చెప్పినట్టే నోరు మూసుకున్నాను. ఎండలు ముదిరి బుకింగులు కూడా ఆగిపోయాయి. తలుపుకు బిగించిన సెన్సర్ వల్ల, అక్కడ తలుపు తెరిస్తే ఇక్కడ నా ఫోన్ టింగుమంటుంది. ఫోన్లోంచి ఆ యాప్‌ను మాత్రం తీసెయ్యలేదు. ఎవరో ఇంటికి వచ్చినట్టుంటుంది, అందుకు.

కొన్నాళ్లుగా ఖాళీ ఫ్లాట్ తలుపు రోజూ మధ్యాహ్నం తెరుచుకుంటోంది. కాసేపటికి మూసుకుంటోంది. నాకు తెలియకుండా ఎవర్ని దించుతున్నారు? అద్దె పోతే పోనీండి. నా ఇంటికి మనిషి వస్తే నాకు చెప్పకపోవడం అన్యాయం కాదా? జవాబు రాకపోతే అక్కడి పోలీసులకు రాస్తాను. తాళాలు వేరే కంపెనీకి ఇప్పిస్తాను.

శిరీష

తా.క.: ఆ వచ్చేవాళ్లెవరైనా సరే, ఏసీ రిమోట్ టీవీ కింద సొరుగులో ఉంటుందని చెప్పండి. ఈ ఉక్కలో ఇబ్బంది పడతారు.

*

రస్ అల్ ఖైమా

శిరీష గారికి వందనాలండి.

ఎవర్నీ దించలేదు. ఆ వచ్చేది నేనే.

మా క్వార్టర్స్‌లో గదికి ఆరుగురం. ఒకరి భాష ఒకరికి రాదు. మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తూ తినాలి. ఒకరోజు కుళాయి కారుతోందేమో చూద్దామని మీ ఫ్లాట్‌కు వచ్చాను. చేతిలో క్యారేజీ ఉంది. మీ బల్ల ముందు కూర్చుని తిన్నాను. ఎదుటి కుర్చీ ఖాళీయే అయినా, ఒక ఇంట్లో కూర్చుని తిన్నట్టనిపించిందండి. అప్పట్నుంచి రోజూ వస్తున్నాను. ఏసీ వేయలేదు, మీ గిన్నె ముట్టలేదు. అయినా అడగకుండా రావడం తప్పే.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. మెసేజ్‌లు ఆపమన్నది అతిథుల కోసమే కాదు. పోలండ్ ఆవిడ ఫోన్ తీసి, మీరు రోజూ అడిగింది నవ్వుకుంటూ చూపిస్తుంటే నాకు కుళ్ళొచ్చింది. పాలకొల్లు వదిలి వచ్చాక ఆ మాట నన్నెవరూ అడగలేదు. మీరూ అడగలేదండి. ఉప్మా తిన్నవాళ్లను అడిగారు గానీ, పెట్టేసి ఖాళీ గిన్నెతో తిరిగొచ్చినదాన్ని అడగలేదు.

తాళాలు ఎవరికివ్వాలో రాయండి.

ఇట్లు,
మెర్సీ

తా.క.: రేపు కూడా తలుపు తెరుస్తాను. టింగుమనగానే పోలీసులకు రాస్తారో, తిన్నారా అని నన్ను అడుగుతారో మీ ఇష్టం.