మోటారు చప్పుడులో చదువు

మార్చి 14, శనివారం

పూజ్యురాలైన అక్కయ్యకు,

నీ మొండి తమ్ముడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పిల్లల్ని బడి మాన్పించామని తెలిసి నువ్వు ఫోన్లో నన్ను చెడామడా తిట్టినప్పటి నుంచి మనకు మాటల్లేవు. పోనీ నీ బడిలోనైనా వెయ్యమని బతిమాలావు. హెడ్మిస్ట్రెస్‌వి, కోపం రావడం సహజమే. కానీ ఆ తిట్లు నాకు తగలాల్సినవి కావు. ఏ బడీ వద్దని పట్టుబట్టింది మీ మరదలు. నేను చివరిదాకా మాన్పించొద్దని మొత్తుకున్నవాణ్ణే.

అసలేం జరిగిందో నీకు పూర్తిగా తెలియదు. క్లాసులో పాఠం చదువుతుంటే మన పెద్దపిల్ల పిచ్చుకకి ఒక మాట దగ్గర నాలుక తడబడింది. టీచరు ఆ మాటే మళ్ళీ మళ్ళీ చదివించింది. ప్రతిసారీ క్లాసంతా నవ్వింది. వసపిట్టలా వాగే పిల్ల ఆ రోజు నుంచి బయటివాళ్ళ ముందు నోరు మెదపలేదు. ఇంట్లోనూ అవును, కాదు తప్ప మాటలేదు. మీ మరదలికి ఆస్పత్రిలో పగలంతా నర్సు డ్యూటీ. ఇంట్లో కూర్చుని పని చేసుకునేవాణ్ణి నేనే కాబట్టి చదువు చెప్పాల్సిందీ నేనేనని తేల్చేసింది. జనానికి కట్టుడు పళ్ళు చేసుకునేవాణ్ణి, నాకు పాఠాలేం వచ్చని లబలబలాడాను. నా మాట ఎవరు విన్నారు?

మొదట్లో నరకం చూశాను. చిన్నవాడు బొంగరం పేరుకు తగ్గట్టే ఒకచోట కూర్చోడు. చిగుళ్ళు చెయ్యాల్సిన మైనంతో ఏనుగులు చేసేవాడు. లెక్కలు పళ్ళతోనే నేర్పాను. పిచ్చుక మాత్రం పుస్తకం తెరిచి, నా ముఖం చూసి, పెదాలు బిగించేది. విసిగిపోయి అరిచేవాణ్ణి. తర్వాత నాకే ఏడుపొచ్చేది.

ఒకరోజు అర్జెంటు పళ్ళ సెట్టు ఉందని గోడవైపు తిరిగి పాలిష్ మోటారు వేశాను. ఆ రొదలో వెనకనుంచి సన్నగా ఏదో వినిపించింది. పిచ్చుక చదువుతోంది! ఆగుతూ, తడబడుతూ, మళ్ళీ అందుకుంటూ. నా ప్రాణం లేచొచ్చింది. వెనక్కి తిరగబోయి తమాయించుకున్నాను. అప్పటినుంచి మా బడి అదే తీరు. నా వీపు పిల్లలవైపు, ముఖం గోడవైపు. తప్పు చదివితే గోడకి చెబుతాను. చెయ్యాల్సిన పని లేకపోయినా మోటారు తిప్పుతాను. ఉత్త మోటారు ముందు కూర్చున్న నన్ను చూసి మీ మరదలు నాకు మతి పోయిందనుకుంది.

నిన్న పరీక్ష. ఇంట్లో చదివే పిల్లల్ని చూడటానికి విద్యాశాఖ అధికారిణి వచ్చింది. ఆమె ఎదుట పైకి చదవలేకపోతే మాన్పించిన బడికే, ఆ క్లాసుకే తిరిగి పంపాలి. సరిగ్గా అప్పుడే నా బుద్ధి గడ్డి తింది. ఇల్లు బడిలా కనపడాలని బల్లంతా ఖాళీ చేసి, మోటారు మీద దుప్పటి కప్పి, పళ్ళన్నీ మంచం కిందికి తోసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పిచ్చుకని ఆమెకి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను.

బొంగరం గట్టెక్కాడు. ముప్పై రెండులో సగం ఎంతని అడిగితే పై దవడ అన్నాడు. ఆమె నవ్వేసింది. తర్వాత పిచ్చుక వంతు. పుస్తకం పట్టుకున్న వేళ్ళు పాలిపోయాయిగానీ పెదాలు కదల్లేదు. అధికారిణి మెత్తగా ఇంకోసారి అడిగింది. కాసేపు చూసి కలం మూత తీసింది.

దిగ్గున లేచాను. అర్జెంటు సెట్టొకటి మరిచిపోయానని అబద్ధమాడి, మంచం కింద దూరి చేతికందింది లాగాను. దుప్పటి తీసేసి, మా పని ఎలా ఉంటుందో మీరూ చూడండని ఆమె కుర్చీని గోడవైపు తిప్పించాను. తిక్కవాణ్ణి చూసినట్టు చూసింది కానీ తిరిగి కూర్చుంది. మోటారు వేశాను. రొద తప్ప ఏమీ లేదు. నా చెమట పళ్ళ మీద పడుతోంది. అయిపోయిందనుకుంటుండగా వెనక గొంతు లేచింది. ఒక మాట దగ్గర ఇరుక్కుంది. ఎవరూ నవ్వలేదు. తనే దాటుకుని పేజీ చివరిదాకా వెళ్ళింది. అధికారిణి కదలకుండా గోడనే చూస్తూ విన్నది. ఇంకో ఏడాది ఇంట్లోనే చదివించుకోవచ్చని చెప్పి వెళ్ళింది.

కాబట్టి అక్కయ్యా, ఇక నా దగ్గర బడి మాటెత్తకు. మాన్పించొద్దన్న నేనే చెబుతున్నాను, ఇప్పుడెవరు అడిగినా పిల్లల్ని పంపను. నా వెనకాల వాళ్ళు హాయిగా ఉన్నారు. బావగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. పైన రాసిందంతా నిజమే, ఆ హాయి మాట తప్ప. ఈ ఉత్తరం మొదలుపెట్టకముందే, పొద్దున మోటారు తిరుగుతుండగా పిచ్చుక పుస్తకం మూసి నా వీపుతో ఒక మాట చెప్పుకుంది. పిల్లల మధ్య కూర్చోవాలని ఉందట. అత్తయ్య బడి అయితే వెళ్తుందట. కానీ తను వెళ్తే నాన్న ఒంటరివాడైపోతాడని బెంగట. రొదలో నాకు వినపడలేదనుకుంది. వినపడింది. తిరగలేదు, మోటారూ ఆపలేదు. ఒకే పన్నుకి పాలిష్ పెడుతూ కూర్చున్నాను. అది అరిగిపోయింది, ఆ సెట్టు మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. నువ్వొకసారి రా అక్కయ్యా. నేను చెప్పినట్టు కాక నీకే తోచినట్టు, అత్తయ్య బడికి వస్తావా అని దాన్ని అడుగు. నేను మోటారు వేసి ఉంచుతాను. అడిగేటప్పుడు మాత్రం దాని ముఖంలోకి చూడకు.